గుడ్ల బండికి గొప్ప టైర్లు

మా జిల్లా పౌష్టికాహార సరఫరా సంస్థకు ఒక పికప్ బండి ఉంది. గోదాములో కోడిగుడ్లు ఎక్కించుకుని కొండ మీది అంగన్‌వాడీలకు దింపి రావడం దాని పని. డ్రైవరు పేరు దాలినాయుడు. వానలు మొదలైన కొత్తలో ఒకరోజు దారికి అడ్డంగా పారే గెడ్డ దాటిన తరవాత మలుపులో ఆ బండి బ్రేకు వేసినా ఆగకుండా జారి, పక్కనున్న జీడితోటలోకి వెళ్లి, ఒక చెట్టుకు ఆనుకుని నిలబడింది. అదృష్టం బాగుండి మనిషికీ ఏమీ కాలేదు, గుడ్లకూ ఏమీ కాలేదు. దాలినాయుడు దిగి టైర్లు తడిమి చూశాడు. నాలుగూ అరిగిపోయి అరచెయ్యిలా నున్నగా ఉన్నాయి. ఆ సంగతి ఆఫీసుకొచ్చి చెప్పాడు.

అంతకు ముందు కాలమైతే స్టోర్స్ సూపరింటెండెంటు త్రినాథరావు ఒక కాగితం రాసి సంతకం పెట్టేవాడు, సాయంత్రానికి బండికి కొత్త టైర్లు వచ్చేవి. కాని ఈమధ్యనే మాకు కొత్త డైరెక్టరు వచ్చారు.

డైరెక్టరు అనంతపద్మనాభంగారు మంచివారు, కష్టపడి పనిచేసేవారు. రాజధానిలో నాణ్యత మీద జరిగిన శిక్షణ శిబిరానికి వెళ్లి, లోకంలో ప్రతి వస్తువుకూ ఒక రేటింగు ఉంటుందని, ఉన్నవాటిలోకెల్లా పెద్ద రేటింగుదే కొనాలని నేర్చుకుని వచ్చారు. వచ్చిన వారంలోనే ఉత్తర్వు జారీ అయింది. రేటింగు లేని వస్తువేదీ సంస్థ గుమ్మం తొక్కరాదు. గుండుసూదులకు రేటింగు ఇచ్చేవాళ్లు ఎక్కడా దొరకలేదు గనక మేము కాగితాలకు తుమ్మముళ్లు గుచ్చుకున్నాం. ‘తగినంత’ అనే మాట ఫైళ్లలో వాడకూడదని రెండో ఉత్తర్వు వచ్చింది. అంగన్‌వాడీలకు పంపే పప్పు కూర తయారీ విధానంలో ‘ఉప్పు తగినంత’ అన్నచోట కొట్టేసి ‘ఉప్పు అత్యున్నత స్థాయిలో’ అని దిద్దించారు. అంగన్‌వాడీ టీచర్లు ఆ కాగితాన్ని భక్తిగా గోడకు అంటించి, ఉప్పు మాత్రం ఎప్పట్లాగే వేశారు.

టైర్ల కోసం ఒక ఎంపిక సంఘం ఏర్పడింది. దానికి త్రినాథరావు కన్వీనరు. సంఘంలో మిగతా ఇద్దరూ సెలవు పెట్టారు.

త్రినాథరావుకు ఒక గుణం ఉంది. పని అప్పజెబితే దాని అడుగంటా చూడనిదే ఊరుకోడు. ఊళ్లో పెద్ద టైర్ల షాపుకి వెళ్లి, వరసగా పేర్చిన టైర్ల ముందు గొంతుక్కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని వాటి పక్క గోడల మీద రాతలన్నీ చదివాడు. షాపు యజమాని రెండుసార్లు టీ తెప్పించి, ఏం కావాలని అడిగితే, చదువుకుంటున్నానన్నాడు. సాయంత్రానికి విషయమంతా బోధపడింది. టైరు మీద ఉన్న అంకె అది ఎంత బరువు ఓర్చుకోగలదో చెబుతుంది. పక్కనున్న ఇంగ్లీషు అక్షరం ఎంత వేగం ఓర్చుకోగలదో చెబుతుంది. ఎన్ని ప్లైలు, అంటే లోపల ఎన్ని పొరలు అన్నది టైరు ఎంత దిట్టమైనదో చెబుతుంది. గాలి ఎన్ని పాయింట్లు దాటకూడదో అది కూడా అక్కడే రాసి ఉంటుంది. ఇవన్నీ హద్దులు. ఆ హద్దుల్లో మన బండికి ఎంత కావాలన్నది టైరు మీద ఉండదు, బండి తలుపు సందులో అంటించిన చిన్న కాగితం మీద ఉంటుంది. కొండల్లో, గోతుల్లో తిరిగే బండి గనక బురదలో పట్టు ఇచ్చే గాట్లు కాస్త లోతుగా ఉంటే మంచిది.

ఇదంతా తెలుసుకున్నందుకు అతనికి చాలా సంతోషం వేసింది. ఇంటికెళ్లి భార్యకు కూడా చెప్పాడు. మర్నాడు రెండు పేజీల నోటు రాసి, తలుపు సందులో కాగితం ప్రకారం ఫలానా టైర్లు చాలునని చివర రాశాడు.

డైరెక్టరుగారు నోటు పూర్తిగా చదివారు. ‘చాలును’ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశారు. తరవాత షాపులో దొరికే టైర్లలో అన్నిటికన్నా ఎక్కువ బరువు మోసేది, అన్నిటికన్నా ఎక్కువ ప్లైలున్నది, అన్నిటికన్నా ఎక్కువ వేగం అక్షరమున్నది ఏదని అడిగారు. త్రినాథరావు చెప్పాడు. ఆ అక్షరం సూచించే వేగం మా బండి కొండ మీంచి కిందపడినా అందుకోలేదని కూడా చెప్పాడు.

“త్రినాథరావుగారూ, ఎక్కువ ఉంటే నష్టమేమిటి?” అన్నారు డైరెక్టరుగారు.

త్రినాథరావుకు ఆ క్షణంలో జవాబు తోచలేదు. అతనికి జవాబులు ఎప్పుడూ ఇంటికి వెళ్లే దారిలో, మార్కెట్ మలుపు దగ్గర తోస్తాయి. ఆ రోజు కూడా అక్కడే తోచింది. వెనక్కి వెళ్లేసరికి ఆర్డరు టైపయిపోయింది.

టైర్లు దూరం నుంచి లారీలో వచ్చాయి. నల్లగా, బలిష్ఠంగా, పక్క గోడల మీద పెద్ద తెల్లక్షరాలతో ఉన్నాయి. వాటిని చూసి అందరికన్నా మురిసిపోయినవాడు దాలినాయుడు. బిగించిన రోజు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పక్కన నిలబడి ఫోటో తీయించుకుని వియ్యపురాలికి పంపాడు. గాలి ఎంత కొట్టించాలన్న ప్రశ్న వచ్చింది. తలుపు సందులో కాగితం ఒక అంకె చెప్పింది, టైరు మీది గరిష్ఠం దానికి రెట్టింపు చెప్పింది. డైరెక్టరుగారి నుంచి వెంటనే లిఖితపూర్వకంగా ఆదేశం వచ్చింది: ‘గరిష్ఠము అని తయారీదారులే ముద్రించియుండగా, అంతకు తక్కువ గాలి నింపుట సంస్థ ఆస్తి యొక్క సామర్థ్యమును అగౌరవపరచుట యగును.’ గాలి గరిష్ఠంగా నింపారు. దాలినాయుడు టైరును కాలితో తన్ని చూసి, బొటనవేలు పట్టుకుని కాసేపు కూర్చున్నాడు.

మొదటి ట్రిప్పుకి కన్వీనరు స్వయంగా వెళ్లి ధ్రువపత్రం ఇవ్వాలి. అందుకని త్రినాథరావు ముందు సీట్లో ఎక్కాడు. తారు రోడ్డు ఉన్నంతసేపు బాగానే ఉంది. కొండ దారి మొదలయ్యాక బండి ప్రతి గోతిలోనూ పడి, పడిన వెంటనే బంతిలా పైకి లేవడం మొదలుపెట్టింది. త్రినాథరావు తల పైకప్పుకు తగిలింది, కళ్లజోడు ఎగిరి దాలినాయుడి ఒళ్లో పడింది. వెనక నుంచి చిటపటమని చప్పుడు వినిపించింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గాని ఆ చప్పుడేమిటని ఒకరినొకరు అడగలేదు.

జీలుగువలస అంగన్‌వాడీ టీచరు సన్యాసమ్మ బండి కోసం అరుగు మీద నిలబడి ఉంది. వయసు యాభై దాటింది, గట్టి మనిషి. ఆమె వెనక పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. వెనక తలుపు తెరిచేసరికి పచ్చసొన ధారగా ఆమె కాళ్ల మీద పడింది. పైన రెండు ట్రేలు తప్ప అన్నీ ముద్దయిపోయాయి.

“ఇదేటి బాబూ, గుడ్లు అట్టుకొచ్చేరా, గుడ్ల పులుసు అట్టుకొచ్చేరా?” అంది సన్యాసమ్మ.

త్రినాథరావు కొత్త టైర్ల గురించి చెప్పబోయాడు. ఆమె వినిపించుకోకుండా ఒక గిన్నె తెచ్చి, అప్పుడే పగిలి పెంకులోనే నిలిచిన వాటిని ఏరి, ఉల్లిపాయలు తరిగి పొరటు చేసి పిల్లలకు పెట్టింది. పిల్లలు ఇష్టంగానే తిన్నారు. కాని రూలు ప్రకారం ప్రతి బిడ్డకూ ఒక ఉడికించిన గుడ్డు పెట్టాలి, అది గుండ్రంగా ఉన్నట్టు ఫోన్లో ఫోటో పంపాలి. సన్యాసమ్మ పొరటు ఫోటో పంపింది. మూడో రోజున ఆమెకు మెమో వచ్చింది, ఫోటోలో కనిపించే పదార్థం ఎన్ని గుడ్లకు సమానమో, అందులో ఏ బిడ్డ భాగం ఎక్కడుందో వివరించమని.

ఇకనైనా గాలి తగ్గిస్తే సరిపోతుందని త్రినాథరావు డైరెక్టరుగారికి చెప్పాడు. ఆయన తలూపారు, కాని తొందరపడి నిర్ణయాలు తీసుకోవడం తన పద్ధతి కాదన్నారు. గుడ్లు పగలడానికి కారణాలు పరిశీలించడానికి ఇంకో సంఘం వేశారు. ఆ సంఘం గోదాములోనే కూర్చుని, ఒక గుడ్డును చేతిలో పట్టుకుని చూసి, నివేదిక ఇచ్చింది. టైర్లలో లోపమేమీ లేదు. అవి భారీ బరువు మోయడానికి తయారైనవి. వాటి మీద తగిన బరువు పడనందువల్ల ఎగురుతున్నాయి. కాబట్టి లోపం కోడిగుడ్లది, అవి ఉండవలసినంత బరువు లేవు.

సరిగ్గా అదే వారం ఆడిట్ వాళ్లు వచ్చారు. టైర్ల మోత సామర్థ్యంలో చాలా కొద్ది భాగమే వినియోగంలో ఉందని, మిగతా సామర్థ్యం వృథా పోతోందని అభ్యంతరం రాశారు. రెండు సమస్యలకూ ఒకే పరిష్కారం దొరికిందని డైరెక్టరుగారు ఎంతో ఆనందించారు. బండిలో ఇసుక బస్తాలు వేయించమన్నారు.

మొదట కొన్ని బస్తాలు వేశారు. బండి కాస్త నిదానించింది, గుడ్లు తక్కువ పగిలాయి. ఇంకొన్ని వేశారు. ఇంకా తక్కువ పగిలాయి. నాలుగు టైర్ల సామర్థ్యం కలిపి లెక్కగట్టి అంత బరువూ నింపమని డైరెక్టరుగారు ఆదేశించినప్పుడు త్రినాథరావు ఆయన గదిలోకి వెళ్లాడు. టైర్లు మోయగలిగినంత మాత్రాన బండి మోయలేదని, బండికి వేరే హద్దు ఉందని, కింద బరువునీ కుదుపుల్నీ ఓర్చే కమాన్లు ఉన్నాయని, ఇరుసు ఉందని చెప్పాడు. టైరు మీద రేటింగు అచ్చువేసి ఉంది, కమాన్ల మీద అటువంటిదేమీ లేదే అని డైరెక్టరుగారు అడిగారు. త్రినాథరావు బండి కాగితాలు తెచ్చి చూపించాడు. అందులో అంకె మరీ చిన్నదిగా ఉందని, అది పాత డైరెక్టరు కాలం నాటి కాగితమని ఆయన పక్కన పెట్టేశారు.

ఇసుక నిండేసరికి ట్రేలకు చోటు లేకుండా పోయింది. దాలినాయుడి పక్క సీటు మీద ఒక్క ట్రే పెట్టి బెల్టు కట్టి పంపారు. బండి కొండ దారిలో పడవలా మెత్తగా సాగింది. ఆ ఒక్క ట్రేలో ఒక్క గుడ్డు పగిలింది. నెలవారీ సమీక్షలో డైరెక్టరుగారు ఆ ఒక్క గుడ్డు దగ్గరే ఆగారు. సున్నాకి ఇంత దగ్గరగా వచ్చి ఆగిపోవడం ఆయనకు బాధగా ఉంది. ఆ ట్రే కూడా లేకపోతే నష్టం పూర్తిగా నివారించవచ్చునని ఎవరో సూచించారు. అలాగే చేశారు.

ఆ నెల మా సంస్థ వాహనంలో పగిలిన గుడ్ల సంఖ్య సున్నా. టైర్ల సామర్థ్య వినియోగం సంపూర్ణం. ఆడిట్ అభ్యంతరం తొలగింది. పై నుంచి అభినందన లేఖ వచ్చింది. దాలినాయుడు రోజూ పొద్దున్నే ఇసుక ఎక్కించుకుని కొండ మీదికెళ్లి, అన్ని అంగన్‌వాడీల ముందూ హారను కొట్టి, సంతకాలు పుచ్చుకుని, ఇసుక కిందికి తెచ్చేవాడు.

గుడ్ల మాటేమిటంటే, వాటిని ‘స్థానిక ఏర్పాటు’ ద్వారా తీసుకెళ్లవలసిందిగా టీచర్లకు తెలియజేశారు. సన్యాసమ్మ, చుట్టుపక్కల టీచర్లు కలిసి ఒక ఆటో మాట్లాడుకుని గోదాముకి వచ్చి, ట్రేలు ఒళ్లో పెట్టుకుని, ఒకరి మీద ఒకరు ఒరగకుండా కూర్చుని వెళ్లేవారు. దారిలో ఎదురొచ్చిన ఇసుక బండికి ఆటో పక్కకి తప్పుకుని దారి ఇచ్చేది. వానలు ఎక్కువై గెడ్డ పొంగాక ఆ ఏర్పాటు కూడా ఆగిపోయింది. నీళ్లలో ఆటో దాటలేదు. పికప్ దాటగలదు, దాటింది కూడా, ఇసుకతో.

సన్యాసమ్మ త్రినాథరావుకి ఫోను చేసింది. ఆమె కోపంగా లేదు, అదే అతనికి కష్టమనిపించింది.

“బాబూ, నాను పెద్దోల్ల సంగతి అడగటం నేదు. పిల్లలు బండి హారను ఇనగానే కంచాలట్టుకుని ఒచ్చేస్తన్నారు. ఆలకి ఏటి సెప్పమంతారు?”

ఆ రోజు త్రినాథరావు భోజనం సగంలో లేచిపోయాడు. ఇంట్లో అడిగితే ఆకలి లేదన్నాడు. మర్నాడు ఆదివారమైనా ఆఫీసుకొచ్చి, గాలి తగ్గించాలని ఒకటి, బరువు తగ్గించాలని ఒకటి, మామూలు టైర్లు కొనాలని ఒకటి నోట్లు రాశాడు. మూడూ ‘తగ్గించుట ఈ సంస్థ విధానము కాదు’ అన్న రిమార్కుతో తిరిగి వచ్చాయి.

ఆ వారమే గెడ్డ దాటి ఒడ్డు ఎక్కుతుండగా బండి వెనక కమాన్లు రెండూ విరిగి, తొట్టి టైర్ల మీద కూలబడింది. డైరెక్టరుగారు హుటాహుటిన జీపులో వచ్చి చూశారు. త్రినాథరావు గొడుగు పట్టాడు. ఆయన వంగి నాలుగు టైర్లనూ ఒక్కొక్కటిగా పరిశీలించి, నిటారుగా నిలబడ్డారు. మొహం వెలిగిపోతోంది.

“చూశారా, టైర్లకు చిన్న గీత కూడా పడలేదు,” అన్నారు.

త్రినాథరావు ఆయన మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆయనతో గుడ్ల గురించి, బండి గురించి, పిల్లల గురించి మాట్లాడుతూ వచ్చానని, టైర్ల గురించి ఒక్కసారి కూడా ప్రేమగా మాట్లాడలేదని అతనికి తోచింది. ఈసారి జవాబు మార్కెట్ మలుపు దాకా ఆగకుండా గెడ్డ ఒడ్డునే తోచింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదిలోకి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, గొంతు తగ్గించి చెప్పాడు.

“సార్, మనం ఆ టైర్లను అవమానిస్తున్నామేమో అనిపిస్తోంది.”

డైరెక్టరుగారు కలం కింద పెట్టారు. ఎలాగని అడిగారు. అంత రేటింగు ఉన్న టైర్లను గోతుల్లో, బురదలో, పశువుల పేడలో తిప్పుతున్నామని త్రినాథరావు చెప్పాడు. తిరిగినకొద్దీ అరుగుతాయి. రాష్ట్రంలోనే ఏ గుడ్ల బండికీ లేని టైర్లు ఏదో ఒకనాటికి మామూలు టైర్లలా నున్నబడిపోతాయి. అప్పుడు మన దగ్గర అత్యున్నతమైనది ఏముందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు.

డైరెక్టరుగారి కళ్లలో నిజమైన బెంగ కనిపించింది.

“అయితే ఏం చేద్దామంటారు?”

“భద్రపరుద్దాం సార్. మీటింగు హాల్లో, అద్దాల పెట్టెలో.”

“మరి బండికి?”

“దానికేముంది సార్, ఏదో తాత్కాలికంగా మామూలువి వేయిద్దాం. దాని స్థాయికి అవి చాలు.”

‘చాలు’ అనేసి త్రినాథరావు నాలిక కరుచుకున్నాడు. కాని డైరెక్టరుగారు ఆ మాట పట్టించుకోలేదు. తాత్కాలిక వస్తువులకు రేటింగు నిబంధన వర్తించదని ఆయనే గుర్తు చేసుకుని, ఆయనే చెప్పి, ఆయనే సంతకం పెట్టారు. తాత్కాలికం ఎంతకాలమన్నది కాగితంలో రాయలేదు. త్రినాథరావు గుర్తు చెయ్యలేదు.

టైర్లు సబ్బుతో కడిగించుకుని మీటింగు హాల్లోకి వెళ్లాయి. గాలి మాత్రం గరిష్ఠంగానే ఉంచారు. ప్రారంభోత్సవానికి పక్క జిల్లా డైరెక్టరు వచ్చి, అద్దంలోంచి తెల్లక్షరాలు చదివి, తమ పాల బండికి ఇంతకన్నా పెద్దవి దొరుకుతాయా అని అడిగి చిరునామా రాసుకున్నారు. దాలినాయుడు వెనక వరసలో నిలబడి పెళ్లికూతుర్ని అత్తవారింటికి పంపినవాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

బండికి కమాన్లు మార్చారు, తలుపు సందులో కాగితం చెప్పిన టైర్లు వేశారు, అది చెప్పినంత గాలి కొట్టారు, ఇసుక దింపి గుడ్లు ఎక్కించారు. త్రినాథరావు ఆ రోజు సెలవు పెట్టి, మామూలు మనిషిగా బండిలో కూర్చుని వెళ్లాడు. గోతులు వచ్చినప్పుడల్లా చెయ్యి పైకప్పుకు ఆన్చి పట్టుకున్నాడు, కాని తల దానికి తగల్లేదు. దాలినాయుడు మెల్లగా, మలుపుల్లో పాటందుకుంటూ నడిపాడు. ఈ మామూలు టైర్ల మీద అతనికి ఇంకా గౌరవం కలగలేదు గాని, తన్ని చూస్తే కాలు నొప్పి పెట్టలేదని ఒప్పుకున్నాడు.

జీలుగువలసలో సన్యాసమ్మ వెనక తలుపు తనే తెరిచింది. కాళ్లు మాత్రం దూరంగా పెట్టుకుని తెరిచింది. ట్రేలు ఒకదాని మీద ఒకటి, పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆమె పై ట్రేలోంచి ఒక గుడ్డు తీసి, ఎండలో పెట్టి చూసి, చెంపకు ఆనించుకుంది.

“ఇదీ గుడ్డంటే. నాను దీని రూపమే మర్సిపోనాను,” అంది.

పెద్ద గిన్నెలో గుడ్లు ఉడికాయి. త్రినాథరావు పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాడు. పక్కనున్న చిన్నది తన గుడ్డు అతని చేతికిచ్చి పెంకు తియ్యమంది. అతను కళ్లజోడు సర్దుకుని చాలా శ్రద్ధగా తీస్తుండగా జేబులో ఫోను మోగింది. డైరెక్టరుగారు. హాల్లో ఎండ సూటిగా అద్దాల పెట్టె మీద పడుతోందట, టైర్లు వేడెక్కవు కదా అని అడిగారు. తెర కట్టిస్తే మంచిదని త్రినాథరావు చెప్పాడు. ఆయన తృప్తిపడి, ఎక్కడున్నారని అడిగి, జవాబు వచ్చేలోగా పెట్టేశారు.

గుడ్ల సంగతి ఆయన అడగలేదు. చెప్పడానికి కూడా ఏమీ మిగల్లేదు. త్రినాథరావు ఫోను జేబులో పెట్టుకుని చూసేసరికి పిల్లల కంచాలన్నీ ఖాళీ అయ్యాయి, చిన్నది తన గుడ్డు కోసం అతని చొక్కా లాగుతోంది.